ఆఫీసు వెళ్ళిపోయిన రేవు

చైనా వెళ్ళి వచ్చానని తెలిశాక మా ఎల్లారెడ్డి బజారులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ఏం తెచ్చినవ్?" రెండోది "ఎంతకిచ్చిండు?" ఆ దేశం ఎట్లా ఉందని అడిగినవాళ్ళు లేరు. వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళ స్థానంలో నేనుంటే మొదటి ప్రశ్న కూడా మానేసి నేరుగా రెండోదే అడిగేవాణ్ణి.

తెచ్చింది రెండు కర్రముక్కలు. ఎంతకిచ్చాడో కూడా చెప్తాను, కానీ దానికి ముందు ఊరు చూపించాలి.

బయలుదేరే ముందు

మాది తహసీల్ ఆఫీసు ఎదురుగా స్టేషనరీ, జిరాక్సు కొట్టు. తాత కాలంలో కిరాణం. ఎదురుగా ఆఫీసు వచ్చాక బాపు బెల్లం మానేసి కాగితాలు, పెన్నులు, అచ్చు ఫారాలు పెట్టాడు. అంటే మేం పంటల మీద కాదు, అర్జీల మీద బతికే వ్యాపారులం. మా గోడకు ఆనుకొని మైసయ్య చాయ్ డబ్బా. ఆ గోడకు అద్దె ఇవ్వడు, బాపు అడగడు. బాపు తాగే చాయ్‌కి అతనూ అడగడు.

నా బేరాల సంగతి ముందే చెప్పేస్తే మంచిది. జిల్లాలు విడగొడతారని ఊరంతా అనుకుంటున్న రోజుల్లో, "జిల్లా: నిజామాబాద్" అని అచ్చువేసిన ఫారాలను ఒక ప్రింటరు సగం ధరకు ఇస్తానన్నాడు. పావు ధరకు అడిగాను. వెంటనే ఒప్పుకున్నాడు. అప్పుడు అనుమానం రావాల్సింది, నాకు గర్వం వచ్చింది. ఆ దసరాకు మేం కామారెడ్డి జిల్లా అయ్యాం. ఆ ఫారాల్లో మైసయ్య ఈ రోజుకీ మిర్చీలు కట్టిస్తున్నాడు.

ఇప్పుడు ఆఫీసులన్నీ ఊరి బయట, కామారెడ్డి రోడ్డు మీద కొత్త బిల్డింగులోకి పోతాయని మాట. దాని ఎదురుగా షట్టర్లు లేచాయి. ఓనరు ఒకటి నాకోసం ఆపాడు. నెలాఖరులోగా ఔనో కాదో చెప్పాలి. నా భార్య తీర్పు ముందే వచ్చింది: "ఆఫీసు పోయినంక ఈడ జిరాక్సులు ఎవలకు తీస్తవ్, గోడలకా?"

బాపు తీర్పు ఇంకా చిన్నది. "ఆఫీసు పోతే పోనీ. నేను పోను."

ఇంట్లో ఈ రెండు మాటల మధ్య నలుగుతుండగా బామ్మర్ది శ్రీను ఫోన్ చేశాడు. కామారెడ్డిలో అతనిది నల్లాలు, బాత్రూం సామాన్ల షాపు. "బావా, చైనాల నల్లాల ఫ్యాక్టరోళ్లు రమ్మంటున్నరు. ఇద్దరికి హోటలు ఫ్రీ అంట."

ఫ్రీ అన్నాక నేను ఊరి పేరు కూడా అడగలేదు.

"టికెట్టు పైసలు మాత్రం నీయే, బావా."

"గవి తర్వాత మాట్లాడుదాం తియ్."

బయలుదేరేటప్పుడు బాపు గల్లా మీద నుంచి కదలకుండానే అన్నాడు: "చైనా చూసొస్తవా? మంచిగ చూసి రా. నువ్వొచ్చినంక గూడ నా మాట గదే."

ఊరిలో ఊరు

షియామెన్‌లో విమానం దిగి, కారులో చ్వాన్‌జౌ చేరాం. ఫ్యాక్టరీ తరఫున మమ్మల్ని చూసుకోవడానికి వచ్చినామె పేరు లిన్. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. ఇంగ్లీషు నెమ్మదిగా, మనకు అర్థమయ్యేట్టు మాట్లాడుతుంది. కారులో నేను ఉండబట్టలేక అడిగాను: "ఫ్యాక్టరీ చ్వాన్‌జౌలోనేనా?"

"నాన్‌ఆన్ నగరంలో. నాన్‌ఆన్ చ్వాన్‌జౌ నగరంలో ఉంది."

"నగరంలో నగరమా?"

"అవును. చెప్పుల నగరం ఒకటి, బట్టల నగరం ఒకటి, నల్లాల నగరం మాది. అన్నీ చ్వాన్‌జౌ నగరం కిందే. కొండలు, పొలాలు, తేయాకు తోటలు కూడా నగరం కిందికే వస్తాయి."

శ్రీనుకు తల తిరిగింది కానీ నాకు ఇంటికి వచ్చినట్టయింది. ఎల్లారెడ్డి మాకు మునిసిపాలిటీ, మండలం, డివిజన్, నియోజకవర్గం. పేరు ఒకటే, గీతలు నాలుగు. మహమ్మద్‌నగర్ వాళ్ళు నిన్నటిదాకా నిజాంసాగర్ మండలం, ఇవాళ వాళ్ళదే ఒక మండలం. పొలం ఉన్నచోటే ఉంది, గట్టు మీద నిలబడ్డ మనిషి చిరునామా మారింది. నాలాంటి స్టేషనరీ వాడికి ఇంతకన్నా పండగ ఉండదు, పాత ఫారాలు కొని పెట్టుకోకపోతే.

ఫ్యాక్టరీలో ముందు టీ. మన చాయ్ కాదు, పాలూ చక్కెరా లేని లేత పసుపు నీళ్ళు, మన దీపం ప్రమిదంత కప్పులో. మిగిల్చితే బాగుండదని నేను ఖాళీ చేస్తున్నాను. అతిథి కప్పు ఖాళీగా ఉంటే బాగుండదని వాళ్ళు పోస్తున్నారు. ఈ మర్యాద ఎటునుంచీ ఆగలేదు. ధర మాట ఎత్తేసరికి నా ధ్యాసంతా బాత్రూం ఎక్కడుందన్న దాని మీదే. లేచి వెళ్తే హాలు నిండా వాష్‌బేసిన్లు, మెరిసే నల్లాలు. చేయి కడుక్కుందామని ఒకటి తిప్పాను, తర్వాత ఇంకొకటి. అన్నీ చూపించడానికి పెట్టినవి, ఒక్కదాంట్లో నీళ్ళు లేవు.

నేను తిరిగి వచ్చేసరికి శ్రీను వాళ్ళు చెప్పిన ధరకు తలూపేశాడు. "నువ్వు లేవు గద బావా," అన్నాడు. "టీ తాగి తాగి నాకు గూడ అర్జెంటు అయితుండె."

తర్వాత తెలిసింది, కప్పు నిండుగా వదిలేస్తే ఇక చాలని అర్థమట. ఆ సంగతి ఒప్పందం అయ్యాక లిన్ చెప్పింది. మంచి ఉద్యోగి.

భోజనంలో మాకు వెజ్ అని ప్రత్యేకంగా చేయించిన ఆకుకూరలో సన్న రొయ్యలు కళ్ళు తెరిచి చూస్తున్నాయి. మా ఆవిడ కట్టిచ్చిన సకినాలు బయటికి తీశాం. లిన్ ఒకటి తీసుకొని చుట్లు పరీక్షగా చూసి, "ఇది తినేదా, వేసుకునేదా?" అంది.

గాలికి అర్జీ

మరునాడు శ్రీను ప్యాకింగు పనిలో పడ్డాడు. లిన్ నన్ను జియురి కొండకు తీసుకెళ్ళింది. కొండ పెద్దదేం కాదు, మా దోమకొండ గడి కోటకు మెట్లు కట్టినంత ఎత్తు. రాళ్ళ మీద నిలువు వరుసల్లో చైనా అక్షరాలు చెక్కి, ఎర్ర రంగు వేశారు.

"ఏం రాశారు?" అన్నాను.

"సుంగ్ రాజుల కాలంలో అధికారులు ఏడాదికి రెండుసార్లు వచ్చి గాలి కోసం ప్రార్థన చేసేవాళ్ళు. ఓడలు పోవడానికి ఒక గాలి కావాలి, రావడానికి ఒక గాలి కావాలి."

"సర్కారు ఖర్చుతోనా?"

"సర్కారు పనే అది. ఓడలు వస్తేనే కదా పన్ను వచ్చేది."

రాళ్ళ మీద ఏ అధికారులు వచ్చారో, ఎవరి హోదా ఏమిటో రాసి ఉందట. పూజ తర్వాత విందు చేసుకున్న సంగతి కూడా. గాలి వచ్చిందా లేదా అన్నది నాకు కనపడలేదు. మా కాలువ తూము దగ్గరి శిలాఫలకం గుర్తొచ్చింది. దాని మీద కూడా వచ్చినవాళ్ళందరి పేర్లూ ఉంటాయి, నీళ్ళ మాట తప్ప.

నవ్వాను గానీ, నా పరిస్థితీ అదే కదా. ఆఫీసులో సారు సంతకం పెడితేనే నా కొట్టులో జిరాక్సు మిషన్ తిరుగుతుంది. రోజూ పొద్దున గల్లాకు దండం పెట్టేటప్పుడు నేను కోరుకునేది ఆ గాలే.

పునాదులు

పాత ఊళ్ళో సందుల గుండా నడిచి, ఇండ్ల మధ్య తవ్వి ఉంచిన ఒక ఖాళీ స్థలం దగ్గర ఆగాం. ఇటుకలు, రాతి పునాదులు, చుట్టూ కంచె. వెయ్యేళ్ళ కిందట సముద్ర వ్యాపారం చూసుకున్న సర్కారు ఆఫీసు ఇక్కడుండేదట. ఓడ రాగానే అధికారులు సరుకులో ఒక వంతు పన్నుగా తీసుకునేవాళ్ళు. తర్వాత కొంత తమ ధరకు తామే కొనేవాళ్ళు. మిగిలింది వ్యాపారి అమ్ముకోవచ్చు.

"తమ ధరకు తామేనా?" అని రెండుసార్లు అడిగాను. బేరం చేసేవాడూ, బేరం ఖాయం చేసేవాడూ ఒక్కడే అయితే ఎంత హాయి!

"తర్వాత ఈ ఆఫీసు ఏమైంది?"

"మింగ్ రాజుల కాలంలో ఫుజౌకి తీసుకుపోయారు. అప్పటికే సముద్రం మీద వ్యాపారానికి అడ్డంకులు పెట్టారు. నదిలో మట్టి మేట వేసింది. ఓడలు వేరే రేవులకు పోయాయి."

"ఆఫీసు ఎదురుగా కొట్లు ఉండేవి కదా. వాళ్ళేమయ్యారు?"

లిన్ నా వైపు చిత్రంగా చూసింది. వచ్చినవాళ్ళు ఓడల గురించి, రాజుల గురించి అడుగుతారట. కొట్ల గురించి ఎవరూ అడగలేదట. తనకు తెలియదంది.

అదే ఊరి పెద్ద బౌద్ధాలయంలో వెనకవైపు రాతిస్తంభాల మీద నరసింహస్వామిని చూశాను. హిరణ్యకశిపుడు ఒళ్ళోనే ఉన్నాడు. దక్షిణం నుంచి వచ్చిన మనవైపు వ్యాపారులు ఒకప్పుడు ఇక్కడ గుడి కట్టుకున్నారని, అది పోయాక స్తంభాలు ఇక్కడికి చేరాయని లిన్ చెప్పింది. అంటే వాళ్ళు గాలి మారగానే కొట్లు ఎత్తేశారన్నమాట. దేవుణ్ణి మాత్రం మోసుకుపోలేదు. రవాణా ఖర్చు లెక్కవేసి ఉంటారు.

బాపును ఒప్పించడానికి నాకు సాక్ష్యం దొరికింది, అదీ నరసింహస్వామి సాక్ష్యం. ఆ సంతోషంతోనే మర్నాడు పొద్దున్నే లేచాను.

పల్లీల సూపు

మనవైపు బోణీ బేరం పోగొట్టుకునే వ్యాపారి ఉండడు. మొదటి గిరాకీని ఖాళీ చేతుల్తో పంపితే ఆ రోజంతా పాడనుకుంటాడు. అందుకే నేను ఏ ఊరికి పోయినా షాపులు తీసే వేళకే హాజరవుతాను. చ్వాన్‌జౌలోనూ పాత ఊరి దక్షిణ ద్వారం దగ్గర సందులో ఒకామె అప్పుడే పొయ్యి వెలిగిస్తుంటే వెళ్ళి నిలబడ్డాను. మన అవ్వల వయసు. పల్లీలు మెత్తగా ఉడికించి చక్కెర వేసిన వేడి సూపు. పల్లీ అంటే చట్నీ అని నమ్మే మనిషిని, మొదటి చెంచాకే మతం మారాను.

ధర గోడ మీద ఉంది, అయిదు యువాన్లు. నాలుగు వేళ్ళు చూపించాను. గోడ చూపించింది. ఫోన్ తీసి తెలుగులో చెప్పాను: "అవ్వా, నేను ఈ రోజు నీ మొదటి గిరాకీని." ఫోన్ చైనా భాషలో చెప్పింది. ఆమె సంతోషంగా నవ్వి, నా గిన్నెలో ఇంకో గరిటె పోసింది. పోసి, మళ్ళీ గోడ చూపించింది. ధర తగ్గించని చోట సరుకు పెంచడం! మన బజారులో ఇంత మంచి మర్యాద ఎందుకు లేదో అర్థం కాలేదు. అయిదూ ఇచ్చాను.

ఫోన్ మధ్యలో పెట్టుకొని మాట్లాడుకున్నాం. అది తెలుగులోకి మార్చేటప్పుడు మాత్రం ఆలిండియా రేడియో వార్తలు చదివినట్టు చదువుతుంది.

"నీ కొట్టు ఎప్పటినుంచీ ఇక్కడే ఉందా, అవ్వా?"

"లేదు. పాత వీధిని పునరుద్ధరించినప్పుడు నేను ఇక్కడికి స్థానాంతరం చెందాను. యాత్రికులు ఇటు విచ్చేయుచున్నారు."

నరసింహస్వామికి తోడు ఇంకో సాక్షి. "మారడం మంచిదే అయిందా?"

"వ్యాపారం సంతృప్తికరము. అయితే నా పక్కన పాదరక్షలు కుట్టువాడు రాలేదు. అతడు లేక నాకు మొదటి సంవత్సరం విసుగు కలిగినది. ఇప్పటికీ ప్రతి ఉదయం అతనికి సూపు పంపుచున్నాను."

ఆ మాట పూర్తయ్యేలోపే మూత గిన్నెలో సూపు పోసి, సైకిల్ మీద పోయే ఒకాయన చేతికిచ్చింది. ఆయన డబ్బులివ్వలేదు, ఆమె అడగలేదు. ఇది నేను ఎక్కడో చూసిన ఏర్పాటులా ఉందనుకున్నాను. ఎక్కడో మాత్రం తట్టలేదు. నేను మూడో గరిటె సంగతి ఆలోచిస్తున్నాను.

దేవత నవ్వింది

చివరిరోజు శ్రీను కూడా వచ్చాడు. దక్షిణ ద్వారం దగ్గరే సముద్రదేవత గుడి. ఈమె ఒకప్పుడు మామూలు అమ్మాయి, ఇంటిపేరు లిన్. "మా ఇంటి ఆడపిల్లే," అంది మన లిన్ గర్వంగా. ఓడలను కాపాడిందని ఒక చక్రవర్తి బిరుదు ఇచ్చాడు. తర్వాతి వాళ్ళు పెంచుకుంటూ పోయి, చివరికి స్వర్గానికి మహారాణిని చేశారు. దేవతకు సర్కారు ప్రమోషన్! మా ఆఫీసులో అటెండరు ప్రమోషన్ కోసం ఎన్నేళ్ళు తిరిగాడో తలచుకొని దండం పెట్టాను.

ఇక్కడ దేవతను ఏదైనా అడగాలంటే ఒక పద్ధతి ఉంది. నెలవంకలా చెక్కిన రెండు కర్రముక్కలు. ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. మోకాళ్ళ మీద కూర్చొని, ప్రశ్న చెప్పి, నేల మీద వేయాలి. ఒకటి బోర్లా, అంటే ఉబ్బు పైకి, ఒకటి వెల్లకిలా, అంటే చదును పైకి పడితే ఔను. రెండు ఉబ్బులూ పైకి వస్తే కాదు. రెండు చదునులూ పైకి వస్తే దేవత నవ్వుతోందని.

"ముందు పేరు, పుట్టినరోజు, చిరునామా చెప్పాలి," అంది లిన్. "లేకపోతే ఎవరడిగారో దేవతకు ఎట్లా తెలుస్తుంది?"

ఇది అచ్చంగా మా ఫారమే. ఇక్కడా ఒక స్టేషనరీ కొట్టు నడుస్తుంది.

కూర్చొని చెప్పాను: ఊరు ఎల్లారెడ్డి, ఎల్లారెడ్డి మండలం, ఎల్లారెడ్డి డివిజన్, జిల్లా నిజామాబాద్. "అమ్మా, కొట్టు కొత్త బిల్డింగు ఎదురుకు మార్చాలా?" వేశాను. రెండు చదునులూ పైకి.

"నవ్వింది," అంది లిన్.

"జిల్లా తప్పు చెప్పినవ్ బావా," అన్నాడు శ్రీను.

నిజమే. క్షమించమని, జిల్లా కామారెడ్డి అని దిద్ది మళ్ళీ వేశాను. మళ్ళీ నవ్వింది. ఇక నా బేరాల రక్తం ఊరుకోలేదు. సగం కొట్టు అక్కడ, సగం ఇక్కడ అన్నాను. నవ్వింది. జిరాక్సు మిషన్ ఒక్కటే మారుస్తానన్నాను. నవ్వింది. వెనక వరుసలో పెద్దావిడ ఒకామె గొంతు సవరించుకుంది.

"దేవత దగ్గర గూడ డిస్కౌంటేనా బావా? లే, లే. వెనక జనం ఉన్నరు."

బయటికి వచ్చాక లిన్‌ను అడిగాను, ఈ నవ్వుకు అర్థమేమిటని.

"ప్రశ్న సరిగ్గా అడగలేదని కావచ్చు. అడగాల్సిన మనిషిని అడగలేదని కావచ్చు. మా అమ్మయితే రెండోదే అంటుంది."

"ఇంతకు మామ ఎందుకు రానంటుండు?" అన్నాడు శ్రీను.

"మొండితనం."

"ఆయన చెప్పిండా?"

గుడి పక్కనే ఆ కర్రముక్కలు అమ్మే షాపు కనపడటం నా అదృష్టం. జవాబు చెప్పకుండా లోపలికి దూరాను. గోడ మీద ఇరవై యువాన్లు రాసి ఉంది. పదికి అడిగాను. ఆయన టీ పోశాడు. పన్నెండన్నాను. ఇంకో కప్పు పోశాడు. నాన్‌ఆన్ గుర్తొచ్చి, కప్పు నిండుగా వదిలేసి ఇరవై ఇచ్చి బయటపడ్డాను. ఎంతకిచ్చాడంటే, గోడ మీద రాసినంతకే ఇచ్చాడు.

ఎల్లారెడ్డి

నరసింహస్వామితో మొదలుపెట్టి పల్లీల అవ్వతో ముగిసేట్టు బాపుకు చెప్పాల్సిన ఉపన్యాసం విమానంలోనే తయారు చేసుకున్నాను. కొట్టుకు పోయి అంతా చెప్పాను. బాపు శ్రద్ధగా విన్నాడు. విని, "చెప్పుడయిందా?" అన్నాడు.

"అయింది."

"నేను పోను."

షట్టరు ఓనరు పొద్దుటినుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. చేతిలో కర్రముక్కలు తప్ప ఇంకో సరుకు లేదు. అప్పుడు లిన్ వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఇన్ని నెలలుగా బాపును "ఎప్పుడు", "ఎంతకు" అని అడిగానుగానీ ఒక్క మాట అడగలేదు.

"ఎందుకు బాపూ?"

బాపు గల్లా సొరుగు వేసి, గోడ అవతలికి చూపు తిప్పాడు. అక్కడ మైసయ్య నిజామాబాద్ జిల్లా ఫారంలో మిర్చీలు కడుతున్నాడు.

"ఆ షట్టర్ల ముంగట డబ్బాలు పెట్టనియ్యరంట. వాడెటు పోవాలె? వానికి ఉన్నదే ఈ గోడ." వెంటనే గొంతు పెంచాడు, ఆ మెత్తదనం నాకు దొరకకుండా. "ఇంకోటి చెప్త విను. జనం నీ జిరాక్సుకొస్తున్నరనుకుంటున్నవా? సారు రాకపోతే వాని చాయ్ కాడ నిలబడ్తరు. నిలబడ్డోళ్లకు పెన్ను యాదికొస్తది. వాడు లేకుంటే నీ షట్టరు ముంగట ఎవడు నిలబడ్తడు? ఇంతగనం బేరాలు చేస్తవ్, గా లెక్క తెల్వదా?"

తెలియదు. చెప్పుల మనిషికి రోజూ సూపు పంపే అవ్వ ఎదుట కూర్చొని కూడా తెలియలేదు.

సాయంత్రమే ఓనరు దగ్గరికి పోయాను. అడిగిన అద్దెకు ఒప్పుకున్నాను, మెట్ల కింది జాగా మైసయ్య డబ్బాకు వదలాలన్న షరతు మీద. నేను తగ్గించమనకపోవడంతో ఆయనకు భయమేసింది, షట్టరులో ఏం లోపం కనిపెట్టానో అని. మెట్ల జాగాతో పాటు ఒక ఫ్యాను కూడా పెట్టిస్తానన్నాడు.

విజయగర్వంతో వచ్చి మైసయ్యకు చెప్పాను. అతను చాయ్ వడపోస్తూ తల కూడా ఎత్తలేదు.

"నేను రాను, సేటు."

"ఎందుకు?"

"బాపు రాడు గద. ఆయినెకు చాయ్ ఎవలు పోస్తరు?"

బాపు అక్కడే చాయ్ డబ్బా ముందు బెంచీ మీద ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా రోడ్డు వైపు చూస్తున్నారు. ఇన్నాళ్ళూ ఒకడు ఇంకొకడి కోసం ఆగాడన్నమాట. చ్వాన్‌జౌలో అయిదు వందల ఏళ్ళ కిందట కూడా ఇట్లాగే ఇద్దరు ఆఫీసు పోయినా కదలక కూర్చొని ఉంటారు.

బాపు చేయి చాచాడు. "ఆ చైనా కట్టెలు ఇటియ్యి." తీసుకుని మైసయ్య చేతిలో పెట్టాడు. "అమ్మోరి మాట వింటవా? ఊరు, మండలం, జిల్లా చెప్పి, ఇద్దరం పోవాల్నా అని అడిగి వెయ్యి."

మైసయ్య చేతులు తుడుచుకున్నాడు. కళ్ళు మూసుకొని, జిల్లా సరిగ్గానే చెప్పి, వేశాడు. ఒకటి మా కాళ్ళ దగ్గర చదును పైకి పడింది. రెండోది దొర్లుకుంటూ బెంచీ కిందికి పోయింది. బాపు నడుం మీద చేయి వేసుకొని నెమ్మదిగా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

"బోర్ల పడ్డది," అన్నాడు. "ఇగ సామాను కట్టు."